కార్డు ఒకటి, పనులు ముప్ఫై తొమ్మిది

గుర్తింపు కార్డు మాట వచ్చినప్పుడల్లా దాని మీద ఏముందనే చూస్తాం. పేరు, ఊరు, ఫొటో, ఓ నంబరు. ఇందులో దాచుకునేదేముంది అంటాం. చరిత్ర తిరగేస్తే మాత్రం కార్డు అడిగేవాళ్లు పెరిగినకొద్దీ తగాదా పెరిగినట్టు కనిపిస్తుంది. బ్రిటన్ సంగతే తీసుకోండి. 1939లో యుద్ధం మొదలవగానే జాతీయ నమోదు చట్టం తెచ్చి, సెప్టెంబరు 29న జనాన్నంతా రాసుకుని కార్డులిచ్చారు. చెప్పిన పనులు మూడు: సైన్యంలో చేర్చుకోవడం, దేశ భద్రత, రేషను. యుద్ధం ముగిసినా కార్డు పోలేదు. 1950 నాటికి దాన్ని వాడే ప్రభుత్వ విభాగాలు 39 అయ్యాయి. ఆ డిసెంబరులో లండన్ శివారు ఫించ్లీలో కారు ఆపిన పోలీసుకు కార్డు చూపనన్నాడు క్లారెన్స్ విల్‌కాక్ అనే పౌరుడు. నేరమేనన్న కోర్టు శిక్ష మాత్రం వేయలేదు. భద్రత కోసం తెచ్చిన చట్టాన్ని ఇతర పనులకు వాడితే జనానికి పోలీసులంటే కోపం పెరుగుతుందని 1951లో ప్రధాన న్యాయమూర్తి గొడార్డ్ మందలించాడు. 1952 ఫిబ్రవరిలో కార్డులు రద్దయ్యాయి.

మన దగ్గర గోప్యత ప్రశ్న కార్డు కన్నా ముందే, పోలీసు నిఘా రూపంలో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసు నుంచి ఆధారాల్లేక బయటపడ్డ ఖరక్ సింగ్ ఇంటికి పోలీసులు రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను కొట్టేసింది కానీ, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరానిదని విడిగా తీర్పు రాశారు. ఆ మైనారిటీ మాట గెలవడానికి దాదాపు 55 ఏళ్లు పట్టింది. గెలిపించింది ఆధార్ వివాదం. 2009లో ఆధార్ సంస్థ పుట్టింది. 2010లో మహారాష్ట్రలోని తెంభ్లీలో తొలి నంబరు ఇచ్చారు, అదీ బ్రిటన్‌లో లాగే సెప్టెంబరు 29నే (కాకతాళీయమే అనుకోండి). చట్టం వచ్చింది 2016లో; ఆ ఏడాదే నంబర్లు నూరు కోట్లు దాటాయి. వేలిముద్రలు ముందు, చట్టం తర్వాత! గోప్యత ప్రాథమిక హక్కే కాదని 2015లో కేంద్రం వాదిస్తే, జస్టిస్ చలమేశ్వర్ నాయకత్వంలోని ధర్మాసనం ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులూ అది హక్కేనన్నారు.

బోగస్ రేషను కార్డులు ఏరేయాలంటే ఏదో ఒక గుర్తు కావాలి కదా అంటారు. నిజమే, ఆ ఒక్క పనికైతే పేచీ లేదు. అయితే కూలిపనిలో అరిగిన వేళ్లను రేషను షాపు యంత్రం గుర్తుపట్టకపోతే, అసలు లబ్ధిదారే బోగస్ అవుతాడు. ఫోన్ కంపెనీలకు మన గుట్టు ఇంతకన్నా ఎక్కువ తెలుసన్నది రెండో మాట. కంపెనీ నచ్చకపోతే మారిపోవచ్చు. పాస్‌వర్డ్ పోతే కొత్తది పెట్టుకోవచ్చు. వేలిముద్ర పోతే? అందుకే ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలన్న కట్టడి అసలు కీలకం. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకు ఆధార్‌ను సమర్థిస్తూనే, ప్రైవేటు సంస్థలకు దారిచ్చిన 57వ సెక్షన్‌ను ఆ మేరకు కొట్టేసింది. 2019 సవరణతో స్వచ్ఛందమన్న పేరుతో బ్యాంకులు, ఫోన్ కంపెనీలు మళ్లీ లోపలికొచ్చాయి. 2025 జనవరిలో నిబంధనలు మార్చి, ఇతర ప్రైవేటు సంస్థలు కూడా ఆధార్ వాడేందుకు అనుమతి అడగవచ్చన్నారు.