సత్తెం పంటల నాటి బువ్వ

ఇంకింత దగ్గరికి జరుగుండ్రి, మంట మంచిగ అంటుకుంది. పట్నం నుంచి నువ్వు తెచ్చిన కొర్రల ప్యాకెట్టు చూసిన బిడ్డా. దాని మీది రేటు చూస్తే నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు కొర్రబువ్వ లేనోళ్ల తిండి. బియ్యపు బువ్వంటే పండుగకో, పెండ్లికో, చుట్టాలొస్తెనో.

మాది జహీరాబాద్ దిక్కు. ఎర్రచెల్క కొంత, నల్లరేగడి కొంత. వానకాలం చెల్కల ఏసేటివి ఒకటా రెండా? పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద. సాళ్ల నడుమ కంది, పెసర, అనుములు. గట్టు పొంటి పుంటికూర. వానలు వెనుకబట్టినంక రేగడిల తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసెలు ఏసేటోళ్లం. వాటికి నీళ్లు పెట్టేది లేదు, రేగడిల నిలిచిన పదును మీద, మంచు మీద పండేటివి. గందుకే సత్తెం పంటలన్నరు. ఒకటి ఎండిపోతె ఇంకోటి చేతికొచ్చేది, కుండల ఏదో ఒకటి ఉడికేది.

పొద్దుగాల మా అవ్వ జొన్నపిండిల ఉడుకునీళ్లు పోసి, అరచేతితోని ఒత్తి ఒత్తి పిసికేది. సరిగ్గ పిసకకపోతె రొట్టె అంచులు పగుల్తయి. పీట మీద పొడిపిండి చల్లి టపటప తట్టుకుంట తిప్పుతుంటె రొట్టె దానంతటదే పెద్దగయ్యేది. పెంక మీద ఏసి పైన తడిచేయి తిప్పేది. తడి ఆరంగనే మర్లేసి, ఆఖరుకు నిప్పుల కాడ నిలబెట్టేది. పొంగిన రొట్టె నాకు, పొంగనిది ఆమెకు.

అంచుకు ఏముండేది? కలుపు తీయవోయిన ఆడోళ్లు ఒడి నిండ కూర తెచ్చేది. దొగ్గలికూర, గునుగు, తుమ్మికూర, అటికమామిడి, గంగవాయిలి. ఎవ్వరు ఇత్తనమేసినవి గావు. కందిపప్పుల ఏసి ఎల్లిపాయ పోపు పెడితె ఇల్లంత వాసన. గంగవాయిలిల ఒమేగా-3 కొవ్వుంటదని ఇప్పుడు చెప్తున్నరు. మనమేమో కలుపుమందు గొట్టి సంపుతున్నం.

అట్లని ఆ కాలంల అందరు ఉక్కుముక్కలని అనుకోకుండ్రి. నేను బడిపంతుల్ని, ఉన్నదున్నట్టు చెప్త. భూమి లేని కూలోళ్లకు పప్పెక్కడిది, పాలెక్కడివి? ఒట్టి జొన్నగటక, మిరపకారం. అట్ల ఏండ్లకేండ్లు తిన్నోళ్లకు మెడ చుట్టు, ముంజేతుల మీద, ఎండ తగిలిన కాడల్ల తోలు నల్లబడి పొరలు లేసేది. విరేచనాలు పట్టేటివి. ముదిరితె మతి తప్పేది. దాన్ని పెల్లాగ్రా అంటరు. నియాసిన్ అనే బి విటమిను అందక వచ్చే రోగం. హైదరాబాద్‌ల తార్నాక కాడున్న జాతీయ పోషకాహార సంస్థల గోపాలన్ డాక్టరు 1960ల దీని మీద పరిశోధన చేసిండు. జొన్నల ల్యూసిన్ ఎక్కువుండుడే కారణమని ఆయన వాదన. నాకర్థమైంది ఒక్కటే. జొన్నకు పప్పు, ఆకుకూర, పల్లీలు, ఇంత మజ్జిగ తోడుంటెనే అది తిండి. చెల్కల కలిసి పెరిగినవి కంచంల గూడ కలవాలె.

ఇగ 1983ల ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిండు. మా అవ్వ చేతులెత్తి దండం పెట్టింది. కొర్రలు, సామలు దంచుడంటె మాటలా? పొట్టు గట్టిగుంటది. రోట్లేసి దంచాలె, చెరగాలె, మళ్ల దంచాలె. అరచేతులు బొబ్బలెక్కేది. బియ్యం దిక్కు మళ్లినందుకు ఆడోళ్లను నేనైతె తప్పు పట్ట. కాకపోతె కొర్ర, సామ తినేటోళ్లు తగ్గేసరికి ఏసేటోళ్లు తగ్గిండ్రు. చెల్కలల్ల చెరుకొచ్చె, పత్తొచ్చె. పప్పుగింజ దుకాణానికి పోయి కొనుక్కునే రోజొచ్చె.

ఇప్పుడు నీ ప్యాకెట్టు. గింజలు తెల్లగ మెరుస్తున్నయి సూడు, పాలిష్ పట్టిండ్రు. తవుడు పాయె, దాంతోని పీచు పాయె, బి విటమిన్లు చానా పాయె. వంద రూపాయలు పెట్టి బియ్యం అసొంటిదే కొంటివి. పాలిష్ పట్టనియి అడుగు, రంగు కొంచెం మొద్దుగుంటది. రాత్రే నానబెట్టు. తైదలైతె మరీ మంచిది, వంద గ్రాములల్ల మూడు వందల మిల్లీగ్రాములకు పైన కాల్షియముంటది. పిండి రాత్రే నీళ్లల్ల కలిపిపెట్టి, పొద్దుగాల పులిసినంక అంబలి కాస్తె ఇనుము గూడ ఒంటికి బాగ పడ్తది. మా అవ్వకు ఇనుము సంగతి తెల్వది, పులుపు రుచి తెలుసు. అయితె రోజూ ఒక్కదాన్నే పట్టుకోని కూసోకు. తెల్లారి కంది ఉడకబెట్టు, ఇంత ఆకుకూర ఎయ్యి.

సంక్రాంతికి ఈ దిక్కు పాత పంటల జాతర చేస్తరు. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంగాల ఆడోళ్లు ఎడ్లబండ్ల మీద ఇత్తనాల కుండలు పెట్టుకోని ఊరూరు తిరుగుతరు. మా ఇంట్ల గూడ అప్పట్ల ఇత్తనాలకు బూడిద, వేపాకు కలిపి బుట్టలల్ల దాచి, పైన మన్ను పెండ మెత్తేది. లేనోళ్లు నాగుకు తీస్కపోయేది, పండినంక ఇంత ఎక్కువేసి తెచ్చిచ్చేది. ఈసారి సెలవు పెట్టి రా, పోదాం. నాకు సామ ఇత్తనం కావాలె, ఇంటెన్క ఆ రెండు గుంటలు ఊకెనే పడున్నయి.