రెండు 'దృశ్యాలు' – ఒక సాక్ష్యం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యవర్గ మిత్రులు కోరారు. నిజాం కాలాన్ని గురించో, స్వాతంత్ర్యోద్యమాన్ని గురించో వ్రాయగల సమర్థులు మన సభ్యులలో ఎందరో ఉన్నారు. నేను ఉద్యోగకాలమంతా కోర్టు రికార్డు గదిలో గడిపినవాడిని. పదవీ విరమణ చేశాక రహమత్ నగర్‌లో స్థిరపడ్డాను. పక్కనే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. కాస్త పైకి వెళితే జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్. మా వీధిలో లైట్‌మెన్లు, సెట్టింగు వడ్రంగులు, జూనియర్ ఆర్టిస్టులు కాపురముంటారు. కనుక నాకు తెలిసినవి రెండే: ఒకటి సాక్ష్యం, రెండు సినిమా. ఈ రెండూ కలిసే చోటు నేరకథా చిత్రం. అటువంటి కథ ఒక భాషనుంచి మరొక భాషకు వచ్చినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అనే విషయాన్ని మిత్రుల ముందు ఉంచుతున్నాను.

మద్రాసు నాటి మాట

మన పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ చిత్రాలు అక్కడి స్టూడియోలలోనే తయారయ్యేవి. ఒక ఫ్లోరులో తమిళ చిత్రం, పక్క ఫ్లోరులో తెలుగు చిత్రం. కథలు గోడ దాటడం కష్టమేమీ కాదు. హిందీలో బాగా ఆడిన చిత్రం హక్కులు కొని దక్షిణాది భాషల్లో తీయడం ఆనాడే మామూలు వ్యవహారం.

1964లో రాజ్ ఖోస్లా దర్శకత్వంలో 'వో కౌన్ థీ' వచ్చింది. ఒకే రూపంతో మళ్లీ మళ్లీ కనిపించే స్త్రీ, తన కళ్లను తానే నమ్మలేని డాక్టరు. దాన్నే 1966లో తెలుగులో 'ఆమె ఎవరు?' అని బి.ఎస్. నారాయణ తీశారు. జగ్గయ్య, జయలలిత నటించారు. అదే ఏడు తమిళంలో 'యార్ నీ?' వచ్చింది. అందులోనూ జయలలితే. ఇక్కడ సమస్యంతా కంటితో చూసినది నిజమా కాదా అన్నదే. ఆస్తి కోసం పన్నిన కుట్ర చివర బయటపడుతుంది. ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి వెళతాడు.

1978లో చంద్ర బారోట్ దర్శకత్వంలో సలీం–జావేద్‌ల కథతో 'డాన్' వచ్చింది. ముఠా నాయకుడు చనిపోతే, అతని పోలికలున్న అమాయకుణ్ణి పోలీసు అధికారి ఆ స్థానంలో ప్రవేశపెడతాడు. ఆ రహస్యం తెలిసినవాడు ఆ అధికారి ఒక్కడే. అతనే చనిపోతాడు. ఇక అమాయకుణ్ణి కాపాడగలది ఒక డైరీ మాత్రమే. 1979లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ఎన్.టి. రామారావు గారు ద్విపాత్రాభినయం చేసిన 'యుగంధర్' దీని తెలుగు రూపం. 1980లో తమిళంలో రజనీకాంత్‌తో 'బిల్లా' వచ్చింది. ఆ తరువాత 2007 నాటి తమిళ 'బిల్లా' ఆధారంగా 2009లో మెహర్ రమేష్ దర్శకత్వంలో ప్రభాస్‌తో తెలుగు 'బిల్లా' వచ్చింది. ముప్పై ఏళ్లలో కార్లు మారాయి, దుస్తులు మారాయి. ఏకైక సాక్షి చనిపోతే నిజం ఏమవుతుందన్న భయం మాత్రం మారలేదు.

ఇంతవరకు వచ్చిన కథల్లో నేరం చేసినవాడు వేరు, మనం జాలిపడేవాడు వేరు. నిజం బయటపడాలని మనమూ కోరుకున్నాము. ఆ వరుసను తలకిందులు చేసినది 'దృశ్యం'.

ఇడుక్కి కొండల నుంచి

జీతూ జోసెఫ్ వ్రాసి, దర్శకత్వం వహించిన మలయాళ 'దృశ్యం' 2013 డిసెంబరు 19న విడుదలైంది. మోహన్‌లాల్ ధరించిన జార్జికుట్టి నాలుగో తరగతితో చదువు ఆపేసిన అనాథ. ఇడుక్కి జిల్లా కొండ ఊళ్లో కేబుల్ టీవీ నడుపుకుంటూ, పిసినారిగా బ్రతుకుతూ, రాత్రింబవళ్లు సినిమాలు చూస్తూ ఉంటాడు. అతని పెద్ద కూతురు స్నానం చేస్తుండగా రహస్యంగా చిత్రీకరించి బెదిరించిన కుర్రవాడు, ఆ అమ్మాయి కొట్టిన దెబ్బకు చనిపోతాడు. ఆ కుర్రవాడు సాక్షాత్తూ పోలీసు ఐ.జి. కుమారుడు. ఆ ఐ.జి. ఒక స్త్రీ.

మాతృక వచ్చిన ఏడు నెలల లోపే, 2014 జూలై 11న తెలుగు 'దృశ్యం' వచ్చింది. దర్శకురాలు శ్రీప్రియ. ఈమె ఒకనాటి ప్రసిద్ధ నటి. 1980 నాటి తమిళ 'బిల్లా'లో కథానాయిక ఈమే. ఒక నేరకథ రీమేకులో నటించిన వ్యక్తి మూడు దశాబ్దాల తరువాత మరొక నేరకథ రీమేకుకు దర్శకురాలు కావడం గమనించదగిన విషయం. వెంకటేష్ రాంబాబుగా, మీనా అతని భార్య జ్యోతిగా నటించారు. ఛాయాగ్రహణం ఎస్. గోపాలరెడ్డి. మలయాళంలో భార్యగా నటించినదీ మీనాయే, చిన్న కూతురుగా నటించిన ఎస్తేర్ అనిల్ కూడా రెండింటిలోనూ ఉన్నది. అంటే ఇంటిలో నలుగురుంటే ఇద్దరు మాతృకనుంచే నడిచివచ్చారన్నమాట.

పోలికలూ తేడాలూ

మా వీధిలోని సెట్టింగు వడ్రంగి ఒకాయన రీమేకు సంగతి తన పనిభాషలో చెబుతుంటాడు. కొలతలు పాతవే ఉంటాయట, కర్ర మాత్రం ఇక్కడ దొరికేది వాడాలట. 'దృశ్యం' విషయంలో ఈ మాట సరిగ్గా సరిపోతుంది. సన్నివేశాల వరుస, మలుపులు, ముగింపు మాతృకలో ఉన్నట్లే ఉన్నాయి. మారినది కర్ర.

మొదటి తేడా ఊరు, మతం. జార్జికుట్టి క్రైస్తవుడు. నేరం జరిగిన రోజున తాము తొడుపుళలో ధ్యాన కూటానికి వెళ్లామని అతని కుటుంబం చెబుతుంది. ఆ ప్రాంతంలో అటువంటి కూటాలకు కుటుంబాలు వెళ్లడం మామూలు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. అబద్ధం నిలవాలంటే అది ఊరి అలవాటులో కలిసిపోవాలి. తెలుగులో రాంబాబు హిందూ గృహస్థు అయ్యాడు కనుక, ఆ ప్రయాణానికి మన వాతావరణానికి తగిన కారణం కల్పించవలసి వచ్చింది. కథ నడకకు లోటు రాలేదు. కాని మాతృకలో ఆ కొండ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల జీవితం ఇచ్చిన గట్టిదనం తెలుగులో కొంత పలచబడిందని నా అభిప్రాయం.

రెండవ తేడా కానిస్టేబుల్ పాత్ర. మలయాళంలో ఈ క్రూరమైన సహదేవన్ పాత్రను కళాభవన్ షాజోన్ ధరించారు. అక్కడి ప్రేక్షకులకు ఆయన అప్పటివరకు మిమిక్రీ కళాకారుడు, హాస్యనటుడు. నవ్వించే మనిషి చిన్నపిల్లను కొడుతుంటే వారికి కలిగిన దిగ్భ్రాంతి వేరు. తెలుగులో వీరభద్రంగా రవి కాలే బాగా నటించారు. కాని ఆయనను మనం అంతకుముందే కరకు పాత్రల్లో చూసి ఉన్నాము. తెరమీదికి రాగానే భయపడటానికి సిద్ధమైపోతాము. నటనలో లోపమేమీ లేదు. ప్రేక్షకుడి జ్ఞాపకం రీమేకులోకి రాదు, అంతే.

మూడవ తేడా తెలుగుకు లాభించినది. ఐ.జి. గీతా ప్రభాకర్‌గా మలయాళంలో ఆశా శరత్, తెలుగులో నదియా. 2013లో 'మిర్చి', 'అత్తారింటికి దారేది' చిత్రాలతో నదియా మన ఇళ్లలో మనిషైపోయారు. అటువంటి ఆమె కొడుకు కోసం చట్టాన్ని పక్కనపెట్టి ఒక కుటుంబాన్ని కొట్టిస్తున్నప్పుడు, ఆమెను పూర్తిగా ద్వేషించడం మనకు సాధ్యం కాలేదు. తండ్రిగా నరేష్ మౌనం కూడా ఆ బరువును పెంచింది.

నాలుగవది కథానాయకుడు. తెలుగు తెరమీద అగ్రనటుడు దెబ్బలు తిని, తిరిగి చేయి ఎత్తకుండా ఉండటం సామాన్యమైన విషయం కాదు. మోహన్‌లాల్‌కు అటువంటి పాత్రలు కొత్తకాదు, మలయాళ ప్రేక్షకులకూ కొత్తకాదు. వెంకటేష్ మాత్రం అభిమానుల అంచనాను పక్కనపెట్టి, నేలమీద పడి తన్నులు తిన్నారు. ఈ ఒక్క విషయంలో రీమేకు మాతృకకంటే పెద్ద సాహసం చేసిందంటాను.

రికార్డు గది నుంచి చూస్తే

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. ఈ కథలో దొంగ పత్రం సృష్టించినవాడు, దొంగ సాక్ష్యం చెప్పినవాడు బయట ఒక్కడూ కనిపించడు. బస్సు కండక్టరు, హోటలువాడు, లాడ్జివాడు, సినిమా హాలువాడు అందరూ తాము చూసినదే చెబుతారు. ఆ కుటుంబం నిజంగానే వచ్చింది, భోంచేసింది, బసచేసింది. మనుషులు నిజం, ప్రయాణం నిజం, తేదీ ఒక్కటే అబద్ధం. కథానాయకుడు తిరిగి వాళ్లదగ్గరకు వెళ్లి మాటల్లో ఆ తేదీని వాళ్ల మనసుల్లో నాటుతాడు. చూసిన దృశ్యం మనసులో చెరగకుండా ఉంటుంది, ఎప్పుడు చూశామన్నది మాత్రం జారిపోతుంది. సినిమా పేరులోని అర్థం ఇదే.

నేరం జరిగినప్పుడు తాను వేరొకచోట ఉన్నానని చెప్పేవాడు ఆ సంగతిని తానే రుజువు చేసుకోవాలని 1872 నాటి సాక్ష్య చట్టం 103వ సెక్షన్ ఉదాహరణతో సహా చెప్పింది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ సూత్రం మారలేదు. జార్జికుట్టికి చదువులేదు, సెక్షన్లు తెలియవు. సినిమాలు చూసి, పోలీసులు ఏమడుగుతారో ఇంటిల్లిపాదికీ ముందే నేర్పిపెడతాడు.

మరొక అపోహ. శవం దొరకనిదే హత్య కేసు నిలవదని చాలామంది అనుకుంటారు. చట్టంలో అటువంటి నియమం లేదు. ఇతర సాక్ష్యం గట్టిగా ఉంటే శిక్ష పడవచ్చు. ఈ కథలో ఆ ఇతర సాక్ష్యాన్నే ముందుగా తారుమారు చేశారు. అదీకాక, సాక్షులుగా విచారించదలచిన స్త్రీలను, పదిహేనేళ్లలోపు పిల్లలను స్టేషనుకు రప్పించరాదని, వాళ్లుండే చోటనే విచారించాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 160వ సెక్షన్ చెప్పింది. తెరమీద జరిగినది దీనికి పూర్తిగా విరుద్ధం. పసిపిల్లను కొట్టి నిజం చెప్పించారు. ఆ క్షణంలోనే హాలులో ఉన్న ప్రతివాడూ అబద్ధం పక్షాన చేరిపోయాడు. పోలీసులు చట్టాన్ని వదిలారు కనుక, ప్రేక్షకుడు కూడా చట్టాన్ని వదిలాడు. రెండు భాషల్లోనూ ఆ కథ బలం ఇక్కడే ఉంది.

ఎవరి ముగింపు వారిది

ఈ కథ 2014లోనే కన్నడంలో, 2015లో తమిళంలో 'పాపనాశం'గా, అదే ఏడు హిందీలో, 2017లో సింహళంలో, 2019లో చైనా భాషలో వచ్చింది. భారతీయ భాషలన్నింటిలోనూ ఆ తండ్రి తప్పించుకుంటాడు. చైనా చిత్రంలో మాత్రం చివరకు లొంగిపోతాడు. కథ ఒకటే అయినా, నేరస్థుణ్ణి వదిలిపెట్టడానికి ఒక సమాజం ఒప్పుకుంటుంది, మరొకటి ఒప్పుకోదు. రీమేకుల చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన విషయమిది.

2021లో జీతూ జోసెఫ్ రెండవ భాగం తీశారు. మలయాళం ఫిబ్రవరిలో, తెలుగు నవంబరులో ఓటీటీలో విడుదలయ్యాయి. ఈసారి తెలుగుకూ ఆయనే దర్శకుడు. అందులో కథానాయకుడు ప్రయోగశాల కాపలాదారుణ్ణి మచ్చిక చేసుకుని, పరీక్షకు వచ్చిన అవశేషాలనే మార్పిస్తాడు. మొదటి భాగంలో మనుషుల జ్ఞాపకాన్ని మార్చాడు, రెండవ భాగంలో ప్రభుత్వ కస్టడీలోని వస్తువును మార్చాడు. భద్రపరిచే ఉద్యోగం చేసిన మనలాంటి వాళ్లకు ఇది మరింత గుచ్చుకునే సన్నివేశం. కట్టుమీద సీలు ఎంత గట్టిగా వేసినా, తాళంచెవి ఉన్నది మనిషి చేతిలోనే కదా.

మిత్రులు వీలైతే రెండు 'దృశ్యాలూ' వరుసగా చూడవలసినదిగా కోరుతున్నాను. తండ్రి తెలివిని కాసేపు పక్కనపెట్టి, మొదటి భాగం చివర కుర్రవాడి తల్లిదండ్రులు వచ్చే సన్నివేశాన్ని గమనించండి. వాళ్లు అధికారంతో రారు, కేసు కోసం రారు. తమ బిడ్డ తిరిగి వస్తాడా, రాడా అన్న ఒక్కమాట కోసం వస్తారు. జార్జికుట్టి అయినా, రాంబాబు అయినా సూటిగా చెప్పడు, చేతులు జోడించి క్షమాపణ కోరతాడు. 'ఆమె ఎవరు?'లో నిజం బయటపడితే ఇల్లు నిలబడింది. 'యుగంధర్'లో నిజం బయటపడితే మనిషి నిలబడ్డాడు. ఇక్కడ నిజం బయటపడితే ఒక ఇల్లు కూలుతుంది, బయటపడకపోతే ఒక తల్లి జీవితాంతం గుమ్మంవైపు చూస్తూ ఉంటుంది. ఏ భాషలో తీసినా ఆ తూకం సరిపడదు. మాతృకలో ఉన్న ఆ బాధను తెలుగు రీమేకు తగ్గించకుండా తెచ్చింది. శ్రీప్రియ గారికీ, ఆ చిత్రానికి పనిచేసిన వారందరికీ ఆ గౌరవం దక్కాలి.