కేసు గెలిచి చచ్చిపోయిన సౌండు కార్డు

మొన్న దసరాకి ఇచ్చోడ పోయినప్పుడు మూడు రోజులు ఇంట్లో ఎవరికీ అర్థం కాని పని ఒకటి చేశాను. అటక మీది పాత పెంటియం 3 డబ్బా దింపి, దుమ్ము దులిపి, అందులో ఒక పాత సౌండు కార్డు గుచ్చి, విండోస్ 98 ఎక్కించి, హెడ్‌ఫోన్సు తగిలించుకుని కూర్చున్నా. మా తమ్ముడు వచ్చి చూసి, "ఏందే అన్నా, ఫోన్ల రాని సౌండు గీ డబ్బాల వస్తదా?" అన్నాడు. అప్పుడు వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ టపా.

మా ఇల్లు హైవే పక్కనే. ఇప్పుడు 44 అంటున్నాం గానీ అప్పుడది 7వ నంబరు జాతీయ రహదారి. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్ళు అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని పందెం కాసేవాళ్ళం, వచ్చే లారీ నిర్మల్ వైపు నుంచా, ఆదిలాబాద్ వైపు నుంచా అని. ఎప్పుడోగానీ తప్పేది కాదు. ఎలా తెలిసేదో మాత్రం అప్పుడు తెలీదు.

పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందు, దూరపు చెవికి కాస్త వెనక చేరుతుంది. ఆ తేడా మహా అయితే 0.7 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. పైగా మధ్యలో తల అడ్డం ఉంది కాబట్టి దూరపు చెవికి కాస్త మందంగా వినిపిస్తుంది. ఈ రెండిటినీ కలిపి 1907లో లార్డ్ రేలీ ఒక సిద్ధాంతం చెప్పాడు. ఇక ముందా వెనకా, పైనా కిందా అన్నది చెవి డొప్ప మడతల్లో శబ్దం ఎలా మారిందో చూసి మెదడు పట్టేస్తుంది.

ఇదంతా లెక్కే కదా, లెక్కయితే కంప్యూటరు చేయొచ్చు కదా అని కొందరికి తట్టింది. బొమ్మ తల చెవుల్లో మైకులు పెట్టి, ఒక్కో దిక్కు నుంచి వచ్చే శబ్దం ఎలా మారుతుందో కొలుస్తారు. ఆ మార్పునే మామూలు శబ్దానికి అద్దితే హెడ్‌ఫోన్సులో కూడా అది వెనక నుంచో పక్క నుంచో వచ్చినట్టు ఉంటుంది. ఆ కొలతలకి హెచ్‌ఆర్‌టీఎఫ్ అని పేరు. 1980ల చివర్లో క్రిస్టల్ రివర్ ఇంజనీరింగ్ అనే చిన్న కంపెనీ, నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం ఈ పని చేసే కన్వాల్వట్రాన్ అనే యంత్రం తయారుచేసింది. అది ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు లెండి.

అదే కాలంలో మన పీసీల పరిస్థితి ఏమిటంటే, 1987లో వచ్చిన యాడ్‌లిబ్ కార్డు మోనోలో పీపీమనేది. 1989లో సింగపూర్ కంపెనీ క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. 1991లో సౌండ్ బ్లాస్టర్ ప్రో వచ్చాకే ఆ వరసలో స్టీరియో వచ్చింది. కానీ స్టీరియోలో ఉండేవి కుడీ ఎడమే. హెడ్‌ఫోన్సు పెట్టుకుంటే శబ్దమంతా తలకాయ లోపలే తిరుగుతుంది. వెనక అనేది లేదు.

అసలు కథ 1996లో మొదలైంది. ఆరియల్ అనే అమెరికా కంపెనీ క్రిస్టల్ రివర్‌ని కొనేసి, నాసా కోసం పుట్టిన విద్యని పీసీఐ కార్డులోకి దించింది. పేరు ఏ3డి. 1997లో వోర్టెక్స్ చిప్పు, 1998లో వోర్టెక్స్ 2 వచ్చాయి. రెండో దానితో వచ్చిన ఏ3డి 2.0 ఇంకో అడుగు ముందుకేసింది. ఆటలోని గోడల కొలతలు తీసుకుని, శబ్దం ఏ గోడకి తగిలి ఎటు తిరిగొస్తుందో అప్పటికప్పుడు లెక్కగట్టేది. అదే 1998లో క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ లైవ్, ఈఏఎక్స్‌తో దిగింది. దాని దారి వేరు. "ఇది గుహ, ఇది హాలు" అని ఆట చెబితే దానికి తగ్గ ప్రతిధ్వని కలిపేది. నిజం చెప్పాలంటే ఆటలు రాసేవాళ్ళకి ఇదే సులువు. కాబట్టి ఈఏఎక్స్‌ని తీసిపారేయలేం.

పోటీ కార్డుల్లోనే ఉంటే బాగుండేది. 1998లో పేటెంటు విషయంలో క్రియేటివ్, ఆరియల్ మీద కోర్టుకెక్కింది. 1999 డిసెంబరులో ఆరియల్ గెలిచింది. కానీ ఖర్చులకి నడుం విరిగి, 2000లో దివాలా తీసింది. అదే ఏడాది సెప్టెంబరులో దాని ఆస్తులన్నీ 3.2 కోట్ల డాలర్లకి కొనుక్కున్నది ఎవరనుకున్నారు? క్రియేటివే! కేసు గెలిచినవాడి ఇల్లు ఓడినవాడి పేరు మీదకి రాసేసినట్టయింది. ఏ3డి అక్కడితో ఆగిపోయింది.

మనదగ్గర ఈ గొడవంతా ఎవరికి తెలుసు? మదర్‌బోర్డు మీదే ఉచితంగా వచ్చే ఏసీ'97 సౌండుతోనే మా తరం బతికేసింది. నేనూ పత్రికల్లో చదివి ఊరుకున్నవాణ్ణే. ఉద్యోగం వచ్చాక కొందామనుకునే సరికి కంపెనీయే లేదు. చివరికి చేతిలో పడింది డైమండ్ ఎంఎక్స్300, వోర్టెక్స్ 2 కార్డు. అంతకు ముందు ఒకాయన చచ్చిన కార్డు ఒకటి నాకు అంటగట్టాడు, అది వేరే కథ :-)

మూడు రోజులు ఎందుకు పట్టిందంటే, ఈ కార్డులకీ వయా చిప్‌సెట్ బోర్డులకీ పడదు. నాది ఇంటెల్ 440బీఎక్స్ కాబట్టి గండం గడిచింది. తర్వాత డ్రైవరు. కంపెనీ పోయే ముందు వదిలిన 2048 నంబరు డ్రైవరు దొరికేదాకా విండోస్ రోజుకి పదిసార్లు వేలాడింది. అన్నీ అయ్యాక కూడా 3డి రాలేదు. చూస్తే సెట్టింగుల్లో స్పీకర్లని ఉంది. స్పీకర్లకి చేసే లెక్క వేరు, హెడ్‌ఫోన్సుకి చేసే లెక్క వేరు. అది మార్చి, పాత సీడీ హాఫ్-లైఫ్‌లో ఏ3డి గడి టిక్కు పెట్టాక అప్పుడు వినిపించింది. పైనా కిందా తేడా నాకు అంతగా తెలీలేదు, బొమ్మ చెవి నా చెవీ ఒకటి కాదు కదా. కానీ వెనక మాత్రం వెనకే!

తమ్ముడన్నది నిజమే, ఇప్పుడిది ఫోన్లలో ఉంది. యాపిల్ 2020లో స్పేషియల్ ఆడియో అని పేరు పెట్టి ఇయర్‌ఫోన్సులో ఇచ్చింది. అంటే వోర్టెక్స్ 2 తర్వాత ఇరవై రెండేళ్ళకి. మధ్యలో 2007లో విస్టా వచ్చి సౌండు కార్డు చేసే 3డి లెక్కలకి దారే మూసేసింది. గెలిచిన ఈఏఎక్స్ కూడా మూలపడింది.

మరి మిగిలింది ఏమిటి? 1994లో ఎంఐటీలో ఇద్దరు పరిశోధకులు కెమార్ అనే బొమ్మ తలతో 710 దిక్కుల నుంచి కొలిచి, ఆ కొలతల్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. వాటిని జనం ఇప్పటికీ వాడుతున్నారు. ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్ అనే ఓపెన్ సోర్సు లైబ్రరీతో ఏ కార్డూ లేకుండానే పాత ఆటల్లో 3డి వస్తుంది. కొందరు ఉత్సాహవంతులు రాసిన డ్రైవరు వల్ల వోర్టెక్స్ కార్డు లైనక్సులో పలుకుతుంది. పేటెంట్లతో తాళం వేసుకున్న రెండు కంపెనీల విద్యా అటకెక్కింది. పంచి ఇచ్చింది మాత్రం బతికింది. మనం రాసే కోడు కూడా ఇంతే అని నాకనిపిస్తుంది.

వచ్చే ముందు రోజు రాత్రి తమ్ముడికి హెడ్‌ఫోన్సు పెట్టి కళ్ళు మూసుకోమన్నా. ఆటలో వెనక నుంచి అడుగుల చప్పుడు రాగానే వాడు ఉలిక్కిపడి నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ అమ్మ బట్టలు మడతపెడుతోంది.

మీ అటక మీద కూడా పాత కార్డులుంటే పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకసారి పేరు చదవండి. డ్రైవరు సీడీ ఉంటే ముందు దాన్ని కాపీ చేసి పెట్టుకోండి. కార్డు కన్నా అది దొరకడమే కష్టం.