వడిసెల విసురు, గోల్ఫు దెబ్బ

నూజివీడు మామిడితోటల ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఒక వస్తువును దూరంగా పంపే విద్య కొత్తది కాదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లులు కొమ్మలను వంచే వేసవిలో రాయి రువ్వని పిల్లవాడు అరుదు. బిళ్ళంగోడులో బిళ్ళను గాలిలోనికి లేపి, అది నేల తాకకముందే కర్రతో కొట్టి తోట అవతలికి పంపడం పల్లెటూరి బాలుర నిత్యవిద్య. ఇక మంచె మీద కూర్చుండి పిట్టలను తోలే కావలివానికి వడిసెల వంటి ఆయుధం మరొకటి లేదు. ఈ మూడింటిలోను ఒకే సూత్రమున్నది. చేయి బిగిస్తే వస్తువు దగ్గరనే పడుతుంది. చేయి సాగితేనే అది దూరం పోతుంది.

సామాన్యంగా కనిపించే ఈ సూత్రమే గోల్ఫు అనే ఆటలో పెద్ద చర్చకు కారణమైనది. దానిని లోకానికి చాటినవాడు యుద్ధంలో కాలు పోగొట్టుకొన్న ఒక సైనికుడు. మన కాలంలో దానికి చక్కని ఉదాహరణగా నిలిచినవాడు తెలుగు దంపతుల కుమారుడు.

గోల్ఫు స్కాట్లండు దేశపు ఆట. ప్రజలు విలువిద్య అభ్యసించుట మాని ఈ ఆటలో మునిగిపోవుచున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీనిని నిషేధించినది. నిషేధం నిలువలేదు, ఆట నిలిచినది. 1829లో కలకత్తాలో గోల్ఫు క్లబ్బు ఏర్పడినది. బ్రిటిషు దీవులకు వెలుపల గోల్ఫు క్లబ్బులలో అదియే అన్నిటికంటె పాతది.

ఆట తీరు తెలియనివారికి ఒక మాట. విశాలమైన పచ్చిక బయలులో చిన్న బంతిని కర్రతో కొట్టుచు, దూరాన ఉన్న చిన్న గుంటలో వేయవలెను. పూర్తి ఆటకు అటువంటి గుంటలు 18. ఎవరు తక్కువ దెబ్బలతో ముగించినారో వారిది గెలుపు. దూరపు గుంటలకు మొదటి దెబ్బ కొట్టే పొడవైన కర్రకు డ్రైవరు అని పేరు. బంతి బరువు 46 గ్రాములకు మించరాదు. కర్ర తల ఆ బంతిని తాకి ఉండే కాలము సెకనులో ఇంచుమించు రెండువేలవ వంతు మాత్రమే. అంత కొద్ది వ్యవధిలో తప్పు దిద్దుకొనుటకు మనిషికి అవకాశం లేదు. కాబట్టి ఆ దెబ్బ మేలైనదా, చెడ్డదా అన్నది బంతిని తాకకముందే నిర్ణయమైపోవును. డ్రైవరు చేతపట్టినవానికి బెదురు కలుగుట ఇందువల్లనే.

ఈ బెదురును పోగొట్టుటకు మనుష్యులు మొదట వస్తువులను మార్చి చూచినారు. పూర్వము తోలుసంచిలో పక్షి ఈకలు కూరి బంతులు చేసేవారు. 1848 ప్రాంతంలో మలయా అడవుల చెట్టుపాలతో చేసిన గట్టిబంతి వచ్చినది. ఆ చెట్టు మన సపోటా, ఇప్ప చెట్ల కుటుంబంలోనిదే. పందొమ్మిదవ శతాబ్ది చివర రబ్బరు దారము చుట్టిన బంతి వచ్చి దానిని తరిమివేసినది. డ్రైవరు తలకు వాడిన అమెరికా కొయ్య మన బీడీ ఆకుల తునికి చెట్టుకు దగ్గరి బంధువు. కర్ర పిడికి వాడిన హికరీ కొయ్య గట్టిదే గాని, విసురులో కొంత మెలిపడేది. దాని స్థానంలో ఉక్కు గొట్టమును అమెరికాలో 1924లోను, బ్రిటనులో 1929లోను అనుమతించినారు. 1979 తరువాత కొయ్యతలకు బదులు లోహపు తల ప్రచారంలోనికి వచ్చినది. అది పెరిగి పెరిగి పోవుచుండగా, 460 ఘన సెంటీమీటర్లకు మించరాదని 2004లో హద్దు పెట్టవలసి వచ్చినది. బంతి మారినది, కర్ర మారినది. కాని కొట్టేవాని మణికట్టులోని బిగువు మారలేదు.

ఆ బిగువు మీద దృష్టి నిలిపినవాడు ఎర్నెస్టు జోన్సు. 1887లో ఇంగ్లండులో జన్మించి, గోల్ఫు నేర్పుట వృత్తిగా పెట్టుకొన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళినాడు. 1916 మార్చిలో లూస్ సమీపాన బాంబు దెబ్బ తగిలి, కుడికాలు మోకాలి దిగువకు తీసివేయవలసి వచ్చినది. దెబ్బకు కాళ్ళే పునాది అని చెప్పే ఆటలో ఒంటికాలివానికి చోటెక్కడ? అయినను జోన్సు కొద్ది నెలలకే నారిచ్ పట్టణపు క్లబ్బులో ఒంటికాలిపై నిలిచి, 18 గుంటలను 83 దెబ్బలలో ముగించినాడు. రెండు కాళ్ళున్న సామాన్యులలో అనేకులు జీవితమంతా ఆడినను అందుకోలేని లెక్క అది.

ఆ రోజున అతనికి గెలుపు కంటె ప్రశ్న ముఖ్యమైనది. ఒక కాలు లేకున్నను బంతి దూరం పోయినదంటే, దానిని పంపినదేమి? కర్ర తలను స్వేచ్ఛగా ఊపిన చేతులే అని అతడు నిశ్చయించుకొన్నాడు. తరువాత అమెరికాకు వెళ్ళి వేలమందికి ఆ ఒక్కమాటనే బోధించినాడు. 1932 నుండి వరుసగా మూడేండ్లు అమెరికా మహిళల అమెచ్యూరు ఛాంపియనుగా నిలిచిన వర్జీనియా వాన్ వై అతని శిష్యురాలే.

జోన్సు పాఠం చెప్పే పద్ధతి చాల ముచ్చటైనది. చేతిరుమాలు కొసకు జేబుకత్తిని కట్టి, దానిని ఊపి చూపేవాడు. రుమాలును నెట్టిన యెడల అది ముడుచుకొనును గాని కత్తి కదలదు. తొందరపడి గుంజిన యెడల గతి తప్పును. చేయి నిబ్బరంగా ఊపినప్పుడే కత్తి బరువు రుమాలును కర్రవలె బిగదీసి చక్కని చాపం గీయును. కర్రను కూడ అట్లే ఊపుమని అతని ఉపదేశం.

ఈ పాఠం మన కావలివానికి కొత్తగా చెప్పవలసినది కాదు. వడిసెల అనగా నడుమ రాయి నిలిపే తొట్టి ఉన్న తాడే గదా! ఒక కొసను వ్రేలికి తగిలించుకొని, రెండవ కొసను పట్టి, గిరగిర త్రిప్పి, సమయమెరిగి ఆ కొసను వదలును. త్రిప్పుచుండగా మధ్యలో సంకోచించిన యెడల తాడు సడలి, రాయి తన కాళ్ళ దగ్గరనే పడును. తాడుకు బలప్రదర్శన పనికిరాదు, భయము కూడ పనికిరాదు. గోల్ఫు కర్ర తాడు కాదు కాబట్టి మన సంకోచమును దాచిపెట్టును. బంతి దానిని బయటపెట్టును.

జోన్సు మాటను అందరు ఒప్పుకొన్నారని చెప్పజాలము. 1949లో మోటారు ప్రమాదంలో నుజ్జునుజ్జయి, మరుసటి యేడే అమెరికా ఓపెను పోటీ గెలిచిన మహావీరుడు బెన్ హోగన్ 1957లో ప్రకటించిన పాఠాలలో నడుముకు, కాళ్ళకు గొప్ప ప్రాధాన్యమిచ్చినాడు. పాదాలు నేలను త్రొక్కే బలము కూడ దెబ్బకు తోడ్పడునని నేటి కొలత పరికరాలు చూపుచున్నవి. కాబట్టి శరీరశాస్త్రంగా జోన్సు చెప్పినది సగమే కావచ్చును. కాని ఏ అవయవమునకు ప్రాధాన్యమిచ్చినను, మొదలుపెట్టిన విసురును నడుమ ఆపుకొనరాదన్న మాట చెక్కుచెదరలేదు.

ఇప్పుడు మన తెలుగువాని సంగతి. తీగల సాహిత్ 1997 డిసెంబరు 4న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించినాడు. తల్లిదండ్రులు హైదరాబాదు నుండి వెళ్ళినవారు. ఈ యువకుని వెన్నెముకలో కొద్దిపాటి వంకర ఉన్నది. అందుచేత అతని ఊపు పుస్తకాలలోని బొమ్మలకు సరిపడదు. దానిని అచ్చుకు దిద్దవలెనని పట్టుపట్టక, తన దేహానికి కుదిరిన తీరునే అతడు సాధన చేసినాడు. మణికట్టు దెబ్బతిని కళాశాల పోటీలకు ఒక ఏడాది దూరమైనను, తిరిగి వచ్చి 2020లో అమెరికా కళాశాల గోల్ఫులోని మూడు ప్రధాన పురస్కారాలను ఒకేసారి అందుకొన్నాడు.

2022 ఫిబ్రవరిలో ఫీనిక్సు పోటీ. వృత్తి క్రీడాకారుల నడుమ సాహిత్‌కు తొలి విజయం చేతికందునట్లున్నది. చివరిరోజు 17వ గుంట వద్ద, గుంట వరకు ఒకే దెబ్బలో పంపదగిన చోట, అతడు వెనుకాడక కొట్టినాడు. బంతి నేలను తాకి ఎడమకు దుమికి నీటిలో పడినది. ఒక్క దెబ్బ తేడాతో మొదటి స్థానపు పోరు తప్పిపోయినది. ఆట ముగిసిన తరువాత కుటుంబసభ్యుల కౌగిలిలో ఆ కుర్రవాడు కన్నీరు పెట్టుకొన్నాడు.

ఇట్టి దెబ్బ తగిలినవాడు మరునాటి నుండి చేయి బిగించుకొనుట సహజము. సాహిత్ ఆ తీరును విడువలేదు. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాలో జరిగిన ఫార్టినెట్ పోటీలో రెండు దెబ్బల ఆధిక్యంతో గెలిచి, పి.జి.ఎ. టూరులో తొలి విజయం సాధించినాడు. 2024లో అట్లాంటాలో జరిగిన టూరు ఛాంపియన్‌షిప్‌లో, ఊపు తీయునప్పుడు కర్ర ఇసుకకు తగిలినదని తానే చెప్పి రెండు దెబ్బల శిక్షను కోరి తీసుకొన్నాడు. అయినను ఆ పోటీలో మూడవవాడుగా నిలిచినాడు. చేయి ఎంత స్వేచ్ఛగా సాగినను, నియమం దగ్గర మనస్సు అంత కట్టుబడి ఉన్నదనుటకు ఇది నిదర్శనం.

ఒంటికాలి జోన్సు, వంకర వెన్ను సాహిత్ మనకు చూపునది ఒకటే. నిబ్బరమనగా బంతి అనుకొన్నచోటనే పడునన్న నమ్మకం కాదు. నేల గతుకులు, గాలి వాలు ఎవరి చేతిలోను లేవు. ఎక్కడికి కొట్టవలెనో ముందు చక్కగా ఆలోచించి, ఒకసారి చేయి లేపిన తరువాత దానిని సందేహించకుండుటయే నిబ్బరం. సందేహానికి చోటు విసురుకు ముందున్నది, విసురులో లేదు. పరీక్ష వ్రాయు విద్యార్థికిని, పూత చూచి తోట కౌలుకు పట్టే రైతుకును ఈ మాట వర్తించును. గురి చూచుకొనునంతవరకు ఎంత జాగ్రత్త అయినను మంచిదే. రాయి తిరుగుట మొదలైన తరువాత మాత్రం తాడు సడలనీయరాదు.