డీజిల్ ఇంజను, చిన్న బుష్, మేము చేసుకున్న పనిముట్టు

ఎడారి సైట్లలో మన బతుకంతా డీజిల్ ఇంజను మీదే. క్యాంపులో ఏసీ, నీళ్ళ పంపు, సైట్లో మిక్సరు, క్రేను అన్నీ దాంతోనే నడుస్తాయి. దాని చరిత్ర కొంత, మేము పడ్డ పాట్లు కొంత ఇక్కడ రాస్తున్నాం.

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరుకు 1893లో పేటెంట్ వచ్చింది. ఇంజను సరిగ్గా నడవడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. 1897 ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షిస్తే, ఇంధనంలోని శక్తిలో 26 శాతం పనిగా మార్చింది. అప్పటి ఆవిరి ఇంజన్లు ఆ దరిదాపుల్లో లేవు. 1929లో ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ 5 హార్స్‌పవర్ ఇంజను తెచ్చింది. 1931లో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టరు వచ్చింది. 1946లో పూణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. మన తాతలు బావుల దగ్గర డుగుడుగుమని నడిపిన ఇంజన్లు ఈ వంశానివే.

ఇన్నేళ్ళలో ఎన్ని మారినా ఒకటి మారలేదు. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ దెబ్బంతా పిస్టన్ మీద పడి, పిన్ను గుండా కనెక్టింగ్ రాడ్‌కి చేరుతుంది. పిన్నుకీ రాడ్‌కీ మధ్య ఉండేది ఒక చిన్న బుష్. పాతవాటిలో ముద్ద కంచుది, ఇప్పటివాటిలో చాలావరకు ఉక్కు రేకు మీద కంచు పూత.

మన ఊళ్ళ షెడ్లలో ఈ బుష్‌ని చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళు, లేదంటే వైస్‌లో నొక్కేవాళ్ళు. మేమూ అదే నేర్చుకుని వచ్చాం. కొన్నేళ్ళ కింద ఎండాకాలంలో క్యాంపు జనరేటరుకు బుష్‌లు మార్చాం. ప్రెస్ లేదు, సుత్తితోనే ఎక్కించాం. ఒక బుష్ కాస్త తిరిగి, దాని ఆయిల్ రంధ్రం రాడ్ రంధ్రానికి సగమే ఎదురైంది. మేము చూసుకోలేదు. వారం తిరక్కముందే పిన్ను పట్టేసింది. ఆ రాత్రి ఏసీ లేదు, పంపు లేదు. తెల్లారి డ్యూటీకి పోవాల్సినవాళ్ళు డాబా మీద చెమటలో పడుకున్నారు. తప్పు మాదే.

తర్వాత లేత్ మీద పనిముట్టు చేసుకున్నాం. ఉక్కు కడ్డీని మెట్టుగా తిప్పించాం. చిన్న మెట్టు బుష్ లోపలికి వదులుగా దూరాలి. పెద్ద మెట్టు బుష్ అంచుని నొక్కాలి, కానీ దాని బయటి కొలత కంటే ఒక పిసరు చిన్నగా ఉండాలి, లేకుంటే రాడ్‌లో ఇరుక్కుంటుంది. అవతలి పక్క గిన్నెలాంటి గొట్టం, మధ్యలో గట్టి బోల్టు, మందపాటి వాషర్లు. నట్టు బిగిస్తుంటే కొత్త బుష్ నిటారుగా లోపలికి పోతుంది, పాతది గిన్నెలో పడుతుంది. ముందే రంధ్రాల వరసకి బుష్ మీదా రాడ్ మీదా గీత గీసుకోవాలి. ఎక్కించాక బుష్ లోపలి కొలత బిగుసుకుంటుంది కాబట్టి రీమరు వేసి, మాన్యువల్లో చెప్పిన సందుకి తేవాలి. చివర్లో ఆయిల్ రంధ్రంలో సన్నటి తీగ దూర్చి చూడాలి.

ఇంజను కనిపెట్టిన ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. ఇలాంటి పనిముట్లు చేసిన చేతుల పేర్లు ఎక్కడా ఉండవు. అందుకే మీ సైట్లలో మీరు చేసుకున్న పనిముట్లను కొలతలతో సహా కాగితం మీద పెట్టండి. మన వెనక వచ్చే తమ్ముళ్ళకి కనీసం ఒక రాత్రి నిద్రైనా మిగులుతుంది.