రాయలవారి వేషం, ప్రొఫెసరుగారి యంత్రం

హిందూపురం ఓటర్లకు కృష్ణదేవరాయలు ఇద్దరు. మొదటివారు నందమూరి తారక రామారావు. 1956లో బి.ఎస్.రంగా తీసిన ‘తెనాలి రామకృష్ణ’లోనూ, 1962లో కమలాకర కామేశ్వరరావు తీసిన ‘మహామంత్రి తిమ్మరుసు’లోనూ రాయల వేషం కట్టి, 1985, 1989, 1994 ఎన్నికల్లో ఈ ఊరి నుంచి శాసనసభకు వెళ్లారు. రెండోవారు ఆయన కుమారుడు బాలకృష్ణ. 1991లో ‘ఆదిత్య 369’లో అదే వేషం కట్టారు, 2014, 2019, 2024లలో అదే ఊరు ఆయనను గెలిపించింది. విజయనగరం పాడుపడ్డాక రాయల గద్దె చేరుకున్న పెనుకొండ ఇక్కడికి నలభై కిలోమీటర్ల లోపే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని ఈ సీమలో సైన్సు ఫిక్షన్ గురించి మాట్లాడాలంటే రాకెట్ల దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. ఈ కిరీటం దగ్గరే మొదలుపెట్టాలి.

దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి.వెల్స్ నవల ‘ది టైమ్ మెషిన్’ను మనసులో ఉంచుకుని ‘ఆదిత్య 369’ కథ అల్లారు. ఒక విమాన ప్రయాణంలో ఆ ఊహను ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంతో పంచుకుంటే, ఆయన నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ చెవిన వేశారు. సినిమా 1991 జూలై 18న విడుదలైంది. ప్రొఫెసరు రామదాసు తయారు చేసిన యంత్రం ముందు 1526కు పోతుంది, ఆ తర్వాత 2504కు. దీనికి మలిభాగం వస్తుందని, దాని పేరు ‘ఆదిత్య 999’ అని ఏళ్ల తరబడి మాట నలుగుతూనే ఉంది. ఆ మాట లేచినప్పుడల్లా అభిమానులు వర్గాలుగా చీలిపోతారు. వారి వాదన కాస్త ఓపికగా వింటే ఒక సంగతి తెలుస్తుంది. యంత్రం ఎలా నడుస్తుంది, భవిష్యత్తు ఏ రూపంలో ఉంటుంది అన్న ప్రశ్నల దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. రాయల వేషం మళ్లీ ఎవరు కట్టాలి, అసలు కట్టాలా వద్దా అన్న చోట మాత్రం కుర్చీలు దగ్గరికి జరుగుతాయి. పడమటి దేశాల్లో ‘స్టార్ ట్రెక్’, ‘స్టార్ వార్స్’ అభిమానులూ తగవు పడతారు. వారి తగవు ఎక్కువగా ఊహాలోకపు కట్టుబాట్ల మీద: కొత్త భాగం పాత భాగంలోని మాటకు నిలబడిందా లేదా అని. మన తగవు వారసత్వం మీద. ఈ పీఠభూమి మీద దానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

1882 వరకు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. జిల్లా వేరుపడినా చదువుకున్నవారి చూపు బళ్లారి వైపే ఉండేది. కోర్టులు అక్కడ, నాటకాలు అక్కడ. ధర్మవరంలో 1853లో పుట్టిన రామకృష్ణమాచార్యులు వకీలుగా బళ్లారిలో స్థిరపడి, 1880లలో సరస వినోదిని సభను నిలబెట్టారు. ‘చిత్రనళీయం’తో మొదలుపెట్టి ముప్పై దాకా నాటకాలు రాశారు. వస్తువు చాలావరకు పురాణం. కొత్తదనమంతా కట్టుబడిలో ఉండేది: పాత్రలు రాగం తీసి పాటలు పాడతాయి, పద్యాలు పాడతాయి. 1891లో ఆ సమాజం మద్రాసు వెళ్లి ఆడిన తెలుగు నాటకాలు చూసి, పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడు అదే ఏడాది సుగుణ విలాస సభను స్థాపించాడు. తమిళ ఔత్సాహిక నాటకరంగం పుట్టుక వెనుక ఒక ధర్మవరం వకీలు ఉన్నాడన్నది మనం తగినంతగా చెప్పుకోని విషయం.

ఆచార్యులవారు ప్రేక్షకుల ఇష్టాన్ని అనుసరించి మాత్రమే నడిచారనుకుంటే పొరపాటు. ‘విషాద సారంగధర’ను ఆయన విషాదంతోనే ముగించారు. కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న రాజకుమారుడికి సిద్ధుడి దయవల్ల అవి తిరిగి వచ్చే కథను ఊరూరా విన్న జనం ముందు, శుభాంతం తప్పనిసరి అనే సంస్కృత నాటక సంప్రదాయాన్ని పక్కన పెట్టి, ఆ పని చేశారు. తెలిసిన కథకు తెలియని ముగింపు పెట్టడం కంటే పెద్ద సాహసం కథకుడికి మరొకటి లేదు. కొత్త కథ నచ్చకపోతే ప్రేక్షకుడు లేచి వెళ్లిపోతాడు. పాత కథను మారిస్తే మాత్రం తన సొత్తు ఎవరో తీసుకున్నట్టు బాధపడతాడు.

అదే ఊళ్లో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు. ఆయన సమాజం సుమనోరమ సభ. ఆయన తెరిచిన దారి చరిత్ర. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రాసి 1908లో అచ్చు వేయించిన పండితుడాయన. బళ్లారికి అరవై కిలోమీటర్ల దూరంలో హంపి శిథిలాలు ఉండగా, పురాణంలోని రాజుల కోసం వెతకనక్కరలేదన్నట్టు, విజయనగర పతనాన్నే వేదిక ఎక్కించారు. బ్రిటిషు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించే దాకా వెళ్లింది. నలుడు ఎంత ఏడ్చినా సర్కారుకు ఇబ్బంది లేదు. విజయనగర పాలకుడు రామరాజు తల తెగితే మాత్రం ఇబ్బంది. చరిత్ర నాటకం గతాన్ని చెబుతూనే వర్తమానాన్ని కదుపుతుందని ప్రభుత్వానికి ప్రేక్షకుల కంటే ముందే అర్థమైందేమో.

ఇలా ఒకే ఊళ్లో రెండు సభలు, ఇద్దరు వకీళ్లు, తెలుగు నాటకం ఎటు పోవాలన్న దానికి రెండు జవాబులు. లండన్‌లో వెల్స్ నవల అచ్చయిన 1895 ప్రాంతంలో ఇక్కడ నడుస్తున్న పోటీ ఇది. వెల్స్ తన యంత్రాన్ని ముందుకే నడిపాడు, ఎనిమిది లక్షల ఏళ్ల అవతలికి. బళ్లారివారి యంత్రానికి ఉన్న రెండు మీటలూ వెనక్కే: ఒకటి ద్వాపరానికి, రెండోది విజయనగరం కూలిన 1565కి.

ఈ పోటీని తేల్చింది, లేదా తేలకుండా చేసింది, ఆచార్యులవారి సొంత మేనల్లుడే. తాడిపత్రిలో, పెన్న ఒడ్డున, 1880 ఆగస్టు 2న పుట్టిన రాఘవాచార్యులు, లోకానికి బళ్లారి రాఘవ. మేనమామ ఇంటి విద్య నేర్చి, కోలాచలంవారి నాటకంలో పఠాన్ రుస్తుం వేషంతో పేరు తెచ్చుకున్నాడు. అంతటితో ఆగలేదు. మేనమామ వేదిక మీదికి తెచ్చిన రాగాలాపనను తగ్గించాడు. పద్యాన్ని సాగదీసి పాడటం కంటే భావం తెలిసేలా పలకడం ముఖ్యమన్నాడు. ఆడవేషాలు ఆడవారే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను వేదిక మీదికి పిలిచాడు. పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టి, చచ్చిన పాత్రను కూడా లేపి మళ్లీ పాడించుకునే ప్రేక్షకుడికి ఇది మింగుడుపడే సంగతి కాదు. వారసుడు వేషం తీసుకున్నాడు సరే, పాట ఎందుకు తీసుకోలేదన్నది అతని ప్రశ్న. ‘ఆదిత్య 999’ గురించి ఈనాటి వాదన వింటున్నప్పుడు నాకు గుర్తుకొచ్చేది ఈ ప్రశ్నే.

మళ్లీ 1991కి వద్దాం. ‘ఆదిత్య 369’ నిర్మాణంలోనే ఈ రెండు దిక్కుల లాగుడు కనిపిస్తుంది. ఛాయాగ్రహణం ముగ్గురిది. పి.సి.శ్రీరామ్ మొదలుపెట్టారు, అనారోగ్యంతో తప్పుకున్నారు. గతాన్ని వి.ఎస్.ఆర్.స్వామి, భవిష్యత్తును కబీర్‌లాల్ చిత్రించారు. స్వామి పట్టిన కాలం తెలుగు తెరకు అలవాటైన కాలం: కొలువు, నర్తకి, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, జంధ్యాల సంభాషణలు. చరిత్రకారుడు ఇక్కడ అభ్యంతరం చెప్పవచ్చు. తెనాలి రామకృష్ణుడు ‘పాండురంగ మాహాత్మ్యం’ను అంకితమిచ్చింది విరూరి వేదాద్రి మంత్రికి, ఆ కవి రాయల ఆస్థానంలో ఉన్నాడన్నది పండితులందరూ ఒప్పుకోని లెక్క. సినిమాకు ఆ లెక్క అక్కర్లేదు. యంత్రం వెళ్లింది శాసనాల 1526కు కాదు, 1956 నాటి సినిమాలోకి. తండ్రి కూర్చున్న సింహాసనం మీద కొడుకును కూర్చోబెట్టడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. వర్తమానంలోని కృష్ణకుమార్ కూడా బాలకృష్ణే కాబట్టి, కొడుకు తండ్రి వేషాన్ని ఎదురుగా నిలబడి చూసే దృశ్యం కూడా దొరికింది. ఇంత తెలివైన ఎత్తు మన సినిమాలో అరుదు.

2504 సంగతి వేరు. మూడో ప్రపంచయుద్ధం తర్వాత మనుషులు నేల కింద బతుకుతుంటారు. ఊహగా అది గతం కంటే సాహసం. అయినా సినిమా గురించి మాట్లాడేవారు దాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఆ భాగంలో తండ్రి లేడు, తాత లేడు, చుట్టరికం లేదు. తెలుగు ప్రేక్షకుడికి భవిష్యత్తు అంటే ఇంకా ఎవరూ వేషం కట్టని చోటు.

మలిభాగం మాట బాలకృష్ణ నూరో చిత్రం దగ్గర గట్టిగా వినిపించింది. చివరికి ఆ స్థానం 2017 సంక్రాంతికి వచ్చిన ‘గౌతమిపుత్ర శాతకర్ణి’కి దక్కింది. అక్కడ కూడా సైన్సు ఓడి చరిత్ర గెలిచింది. 2024 చివర్లో బాలకృష్ణ పాత కృష్ణకుమార్ దుస్తుల్లో ఓటీటీ తెర మీదికి వచ్చి, ‘ఆదిత్య 999 మ్యాక్స్’ తన కుమారుడు మోక్షజ్ఞతో వస్తుందని ప్రకటించారు. 2025 ఏప్రిల్ 4న పాత సినిమా కొత్త మెరుగులతో మళ్లీ విడుదలైంది. దాంతో వాదన మళ్లీ రాజుకుంది. తండ్రే చేయాలని కొందరు. మూడో తరం చేతికి రావలసిన సమయం వచ్చిందని మరికొందరు. సింగీతం కలం లేకపోతే పేరు మాత్రమే మిగులుతుందని ఇంకొందరు. నా మొగ్గు వీరివైపే. గ్రాఫిక్సు ఈనాటి స్థాయిలో లేకపోతే పరువు పోతుందనేవారూ ఉన్నారు. వీరిది న్యాయమైన ఆందోళనే గానీ, 1991 నాటి సినిమా నిలిచింది గ్రాఫిక్సు వల్ల కాదని మరచిపోతారు.

ఇది ఒక్క కుటుంబపు విచిత్రం అనుకోవడానికి లేదు. 1977 జనవరి 14న, ఒకే రోజున, రెండు మహాభారతాలు తెలుగునాట విడుదలయ్యాయి. రామారావు కర్ణుడుగా ‘దాన వీర శూర కర్ణ’, ఘట్టమనేని కృష్ణ అర్జునుడుగా ‘కురుక్షేత్రం’. రెండో దానిలో కర్ణుడు కృష్ణంరాజు. నలభై ఏడేళ్ల తర్వాత, 2024 జూన్ 27న, నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. సింగీతం 2020లో మార్గదర్శిగా చేరిన సినిమా ఇది. గంగ ఎండిపోయిన కాశీని అందులో చూపించారు. వానాకాలంలో కూడా ఇసుకే కనిపించే పెన్నను దాటి సినిమాకు వెళ్లినవారికి అది సైన్సు ఫిక్షన్‌లా తోచి ఉండదు. ఆ ఎండిన లోకం గురించి, అక్కడ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాని గురించి వాదన పెద్దగా జరగలేదు. సినిమా చివర భైరవుడు కర్ణుడని తేలడంతో, కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని తెలుగు రాష్ట్రాలు రెండూ వారాల పాటు తగవులాడాయి. భైరవుడి వేషం ప్రభాస్‌ది. కృష్ణంరాజు ఆయన పెదనాన్న. మేనమామ నుంచి మేనల్లుడికి, తండ్రి నుంచి కొడుక్కి, పెదనాన్న నుంచి ఈయనకు. ఓపికున్న పండితుడెవరైనా ఉంటే దీనికి ఒక వంశవృక్షం గీసి ఉండేవాడు.

మలిభాగపు యంత్రం ఎక్కడ దిగాలన్న వాదనలో నాకూ ఒక ఓటు ఉంది గనక వేసేస్తాను. మళ్లీ 1526 వద్దు. కోలాచలంవారు ఎంచుకున్న 1565 జనవరికి పోవాలి. రక్కసి తంగడి దగ్గర యుద్ధం పోయిందని తెలియగానే, 550 ఏనుగుల మీద బంగారం, వజ్రాలు ఎక్కించుకుని రాజకుటుంబం విజయనగరం విడిచిందని రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. వారు చేరుకున్నది పెనుకొండ. ‘ఆదిత్య 369’ కథంతా తిరిగింది రాయల కాలపు ఒక వజ్రం చుట్టూ. ఆ వజ్రం ఆ ఏనుగుల్లో ఏదో ఒకదాని మీద ఈ దారినే, ఈ ఎర్రనేల మీదుగానే వచ్చి ఉండాలి. అక్కడ, రాజకుటుంబాన్ని పెనుకొండకు నడిపించిన తిరుమల రాయల వేషం ఒకటి ఖాళీగా ఉంది.