గ్రాముల లెక్క, నీళ్ల లెక్క: కడప జిల్లాలో కరెంటు తయారీ, పర్యావరణం

ఏ రకం కరెంటు ఎంత చెరుపు చేస్తుందని అడిగితే నిపుణులు ముందుగా ఒక పట్టిక చూపిస్తారు. వాతావరణ మార్పుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 2014లో ఇచ్చిన లెక్క అది. గనిలో తవ్వకం మొదలు చివరికి యంత్రాలు విప్పేసేదాకా అన్నీ కలుపుకుని, యూనిట్‌కు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు గాలిలో కలుస్తాయో అందులో ఉంటుంది. మధ్యస్థ విలువలు చూస్తే బొగ్గుకు 820, పెద్ద సౌర కేంద్రాలకు 48, జలవిద్యుత్తుకు 24, అణువిద్యుత్తుకు 12.

ఈ వరుసలన్నిటినీ కళ్లారా చూడాలంటే ప్రొద్దుటూరులో పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో బొగ్గు, జమ్మలమడుగు అవతల మైలవరం మండలంలో సోలార్ పలకలు, గండికోటలో ఆనకట్ట, పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం. దారిలో ఎవరిని కదిలించినా గ్రాముల మాట రాదు. బోరు ఎన్ని అడుగులు పోయింది, నీళ్లు ఉప్పగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా అన్నదే మాట. ఐపీసీసీ పట్టిక తప్పని నేను అనను. కానీ పెన్నా పరీవాహకంలో కరెంటు ఖరీదును నీళ్లలో కొలవకపోతే ఆ లెక్క సగంలోనే ఆగిపోతుంది.

ముందు బొగ్గు సంగతి. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, అందరి నోటా ఆర్టీపీపీ, తొలి యూనిట్ 1994లో మొదలైంది. 600 మెగావాట్ల ఆరో యూనిట్ 2018లో చేరాక మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లు అయింది. బొగ్గు ఇక్కడిది కాదు, సింగరేణి నుంచీ ఇతర గనుల నుంచీ రైళ్లలో వస్తుంది. నీళ్లు మాత్రం ఇక్కడివే, పెన్నా మీది మైలవరం జలాశయానివి. కూలింగ్ టవర్లున్న పాత థర్మల్ కేంద్రాలు యూనిట్ కరెంటుకు మూడున్నర లీటర్లకు మించి వాడరాదని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో నిబంధన పెట్టింది. ఆ పరిమితినే కొలబద్దగా తీసుకుని, యూనిట్లన్నీ ఏడాది పొడవునా పూర్తి స్థాయిలో తిరుగుతాయనుకుంటే దాదాపు 1.8 టీఎంసీలు కావాలి. నిజానికి అవి ఎప్పుడూ అంతగా తిరగవు. అయినా మైలవరం నిండితే పట్టేది పది టీఎంసీల లోపే, అది నిండే ఏళ్లూ తక్కువే. వేసవిలో ఆ జలాశయం నుంచి ఏట్లోకి నీళ్లు వదిలితే కానీ ప్రొద్దుటూరు తాగునీటి బోర్లు కోలుకోవు. అంటే జిల్లాలో పెద్ద వ్యాపార పట్టణమూ, పెద్ద బాయిలర్లూ ఒకే కుండలో చెంబు ముంచుతున్నాయి.

ఇక బూడిద. యూనిట్‌కు ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుంది, మన బొగ్గులో మూడో వంతుకు అటూఇటూ బూడిదే. ఫ్యాన్ ఒక రాత్రి తిరిగితే దోసెడు బూడిద ఎక్కడో పేరుకున్నట్టే. నీళ్లలో కలిపి చెరువుకు పంపిన బూడిద తడిగా ఉన్నంతసేపు బురదలా పడి ఉంటుంది. ఎండి గాలి లేస్తే ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా పైకి లేచి, ఆరబెట్టిన బట్టల మీదా పంటాకుల మీదా వాలుతుంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉండబట్టి ఆ బూడిదకు గిరాకీ వచ్చింది. ఎంత గిరాకీ అంటే, 2024 నవంబరులో దాని రవాణా ఎవరిదన్న తగవు పక్క జిల్లా నేతలదాకా పాకి పోలీసులు కాపలా కాయాల్సి వచ్చింది. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని వ్యర్థం ఇప్పుడు వాటాల సరుకు.

పట్టికలో 12 గ్రాములతో మచ్చలేనిదిగా కనిపించే అణువిద్యుత్తు వరుస దగ్గర ఎక్కువసేపు ఆగాలి. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది వేంపల్లె శిలాశ్రేణిలోని డోలమైటు సున్నపురాతిలో. కడప శిలలు మన ప్రాంతానికి ఇచ్చినవి చాలానే ఉన్నాయి: నాపరాయి, ముగ్గురాయి, రాతినార. వాటిలో రాతినార ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో లోకానికి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో కర్మాగారం మొదలైంది. రోజుకు 3000 టన్నుల ఖనిజం దాని సామర్థ్యం. ఇక్కడి నిల్వలు 49 వేల టన్నులని తేలిందనీ, అవి లక్షన్నర టన్నుల దాకా పెరగవచ్చనీ అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ 2011లో ప్రకటించినప్పుడు పత్రికలు ప్రపంచంలోనే పెద్ద గని అని రాశాయి. పెద్దదే, కానీ పలచన. టన్ను రాయిని పిండి చేస్తే యురేనియం అర కిలో కూడా రాదు. మిగిలినదంతా బురదగా టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది.

జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గని దగ్గర రాతిని ఆమ్లంతో కరిగిస్తారు. సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే యురేనియం కన్నా ముందు రాయే దాన్ని తాగేస్తుంది. అందుకని ఇక్కడ దేశంలోనే తొలిసారి సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, వేడి, పీడనం కింద క్షార పద్ధతి పెట్టారు. కాబట్టి బురద వెంట వెళ్లేది రేడియం ఒక్కటే కాదు, సోడియం లవణాలు కూడా. రేడియం అర్ధాయువు 1600 ఏళ్లు, యురేనియం తీసేశాక కూడా ఖనిజంలోని రేడియోధార్మికతలో అధిక భాగం వ్యర్థంలోనే ఉండిపోతుంది. అది దీర్ఘకాలపు భయం. రైతుకు ముందుగా కనబడేది వేరు. చెరువు చుట్టుపక్కల పల్లెల వాళ్లు చేసిన ఫిర్యాదు ఏమిటి? బోర్ల నీళ్లు మారిపోయాయని, మడిలో తెల్లటి ఉప్పు పేరుకుంటోందని, అరటి ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయని. సోడియం ఎక్కువైన నేల బిగుసుకుపోతుంది, వేరు నీళ్లు పీల్చలేదు. ఆ లక్షణాలకు రేడియోధార్మికత కన్నా లవణమే దగ్గరి అనుమానితమని నా అభిప్రాయం. అక్కడి వాదమేమో మొదటి నుంచీ రేడియేషన్ చుట్టూనే తిరిగింది.

వ్యర్థాల చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర సరిగా లేదని విశ్రాంత శాస్త్రవేత్త డాక్టర్ కె.బాబూరావు 2018లో కాలుష్య నియంత్రణ మండలికి రాశారు. యురేనియం కార్పొరేషన్ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. 2019లో మండలి నోటీసు ఇచ్చింది, నిపుణుల బృందమూ వచ్చి చూసింది. ఈ వాదంలో ఇరుపక్షాలూ ఒకే నీటి గురించి రెండు కొలతలతో మాట్లాడగలవు. తాగునీటిలో లీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా యురేనియం ఉండొచ్చని మన అణుశక్తి నియంత్రణ బోర్డు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి 30 అంటోంది. 45 వచ్చిన బోరు ఒకరి కాగితంలో మంచిది, మరొకరి కాగితంలో చెడ్డది. అరటి చెట్టు ఈ రెండు కాగితాలూ చదవదు, దానికి కావాల్సింది సోడియం ఎంతుందన్న లెక్క.

సౌర విద్యుత్తు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మైలవరం మండలంలోని సోలార్ పార్కులో 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో యూనిట్ రూ.3.15కే ధర పలికింది, అప్పటికి దేశంలో అదే కనిష్ఠం. పొగ లేదు, బాయిలర్ లేదు. మెగావాటుకు సుమారు ఐదెకరాల నేల మాత్రం కావాలి. రికార్డుల్లో బీడని రాసి ఉన్న నేలను గొర్రెల కాపరి ఎప్పుడూ బీడనుకోలేదు. పైగా ఇది నాపరాళ్ల గనుల, సిమెంటు దుమ్ము ప్రాంతం. పలకలు తుడవకపోతే ఉత్పత్తి పడిపోతుంది. వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు పడితే బీటలు వారుతుందని ఎండ ఎక్కకముందో దిగాకో కడగాలి. ఆ నీళ్లు థర్మల్ కేంద్రం వాడకంతో పోలిస్తే స్వల్పమే. ఎండ లేని గంటల కోసం గండికోటలో పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన ఉంది. నీటిని పైకి ఎక్కించి దించడమే కాబట్టి ఆవిరి తప్ప నీళ్ల ఖర్చు లేదంటారు ఇంజనీర్లు. నిజమే. దానికి కింది జలాశయమైన గండికోట నిండటానికి తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు 2020లో ఖాళీ అయ్యాయన్నది మాత్రం సాగునీటి ఖాతాలో ఉంది, కరెంటు ఖాతాలోకి రాదు.

ఇక్కడ నా వాదనకే ఒక చిక్కు ఉంది. పులివెందుల నాయకుడు వైఎస్ రాజశేఖరరెడ్డి 2004 మే 14న ముఖ్యమంత్రిగా తొలి సంతకం చేసింది వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మీద. ఆ కరెంటు ఏం చేస్తుంది? వెయ్యి అడుగుల లోతు నుంచి వెయ్యి లీటర్ల నీళ్లు తోడాలంటే, మోటారు సామర్థ్యం నలభై శాతం అనుకుంటే, దాదాపు రెండు యూనిట్లు కావాలి. ఆ రెండు యూనిట్లు బొగ్గుతో వచ్చినా పెన్నాలో ఆవిరయ్యేది ఏడు లీటర్లే. ఏడు లీటర్లు ఖర్చుపెట్టి వెయ్యి లీటర్లు భూమిలోంచి లాగుతున్నాం. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగి నీళ్లు చూపించేవాళ్లకు ఇప్పటికీ పని దొరుకుతోందంటే, లాగడానికి ఎంత మిగిలిందో ఊహించవచ్చు. పంపు సెట్లన్నీ రేపు సోలార్ కరెంటుతో తిరిగితే 820 కాస్తా 48కి దిగుతుంది. చీనీ తోటలో బోరు మట్టం అంగుళం కూడా పైకి రాదు.

అయితే తుమ్మలపల్లె చుట్టుపక్కల ఒక తేడా ఉంది. మిగతా పల్లెల్లో బోరు ఎండితే ఇంకో వంద అడుగులు దింపే ఆశైనా ఉంటుంది. ఉప్పు దిగిన నీళ్ల కోసం ఎంత లోతు దింపాలో కొబ్బరికాయ చెప్పలేదు. గని తెరవకముందు నాటి బోరు నీళ్లలో సోడియం, సల్ఫేట్, యురేనియం ఎంతెంత ఉండేవో, ఇప్పుడెంత ఉన్నాయో పక్కపక్కన రాసిన కాగితం ఊరి పంచాయతీ గోడ మీద ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందోసారి, తర్వాతోసారి, రైతు ఎదుటే సీసాలో పట్టి.